నారాకు రెండు గంటలు కాదు, రోజంతా ఇవ్వండి: ఒక రిటైర్డ్ ఆర్టీసీ కంట్రోలర్ రివ్యూ

హైదరాబాద్‌లో జపాన్ ప్యాకేజీల కాగితాలు తిరగేసినవాళ్ళకు తెలుసు, వాటిలో నారాకు దొరికేది ఒక్క లైను. "క్యోటో దర్శనం, దారిలో నారా జింకల పార్కు" అని ఉంటుంది. అంటే బస్సు ఆగుతుంది, జింకకు బిస్కెట్ పెడతారు, పెద్ద బుద్ధుడి ముందు ఫొటో దిగుతారు, గైడు జెండా ఊపగానే మళ్ళీ బస్సెక్కుతారు. మా వాకింగ్ బ్యాచ్‌లో ఒక జంట అట్లనే వెళ్ళొచ్చింది. నారా ఎట్లుందని అడిగితే "జింకలు మస్తుగున్నయన్నా" అన్నారు. ఇంకేం చూశారంటే ఫోన్ తీసి మళ్ళీ జింకలనే చూపించారు.

అట్లా చూసే పనైతే నారాకు వెళ్ళనే అక్కర్లేదు, వనస్థలిపురం జింకల పార్కు మనకు దగ్గర. నారా రోజంతా చూడాల్సిన ఊరు. పొద్దున ఎనిమిదిన్నరకు దిగి సాయంత్రం ఐదున్నరకు రైలెక్కితే సరిగ్గా ఒక సింగిల్ డ్యూటీ. అంతకు తగ్గితే డబ్బు దండగ. ఈ ముక్క చెప్పడానికే రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి కంట్రోలర్‌గా రిటైరయ్యాను. ఏ ఊరెళ్ళినా నా కళ్ళు ముందు టైం బోర్డు మీద, క్యూ మీద, బాత్రూముల మీద పడతాయి, ఆ తర్వాతే గుడి మీద. డిగ్రీలో హిస్టరీ చదివిన పిచ్చి కూడా కొంచెం మిగిలింది. మా బిడ్డ, అల్లుడు ఒసాకాలో ఉంటారు. నవంబర్ మూడో వారంలో, ఇంకా కార్తీకం నడుస్తుండగా, అల్లుడికి సెలవు దొరకక నేను, మా ఆవిడ, బిడ్డ ముగ్గురమే బయల్దేరాం. కావాలనే బుధవారం పెట్టుకున్నాం. ఆకులు ఎర్రబడే రోజుల్లో శని, ఆదివారాలు నారాకు వెళ్ళడమంటే దసరా ముందు రోజు ఎంజీబీఎస్‌కు వెళ్ళడమే.

ముందు రైలు సంగతి. ఒసాకా-నంబా స్టేషన్‌లో కింటెట్సు అనే ప్రైవేటు రైలు కంపెనీ వాళ్ళ రాపిడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎక్కడా మారకుండా 40 నిమిషాల్లో కింటెట్సు-నారా వస్తుంది. టికెట్ 680 యెన్లు, మన లెక్కలో 400 రూపాయలకు అటూ ఇటూ. రిజర్వేషన్ అక్కర్లేదు. జేఆర్ (జపాన్ రైల్వేస్) రైలు కూడా ఉంది కానీ దాని స్టేషన్ ఊరికి పడమటి వైపు, చూడాల్సినవన్నీ తూర్పు వైపు. పాస్ కొన్నాం కదా అని జేఆర్‌లో పోయేవాళ్ళు మిగిలిన డబ్బును మోకాళ్ళతో కడతారు.

మొదటి పెట్టెలో డ్రైవర్ క్యాబిన్ వెనక అద్దం ఉంటుంది. నేను అక్కడే నిలబడ్డాను. డ్రైవర్ తెల్ల గ్లౌజులు వేసుకున్నాడు. ప్రతి సిగ్నల్‌కూ వేలు చూపించి పైకి ఏదో అంటున్నాడు. పక్కన ఎవరూ లేరు. సిగ్నల్‌ను కంటితో చూసి, వేలితో చూపించి, నోటితో చెబితే పరధ్యానం తగ్గుతుందని వాళ్ళ రైల్వేలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతట. బండి గేటు దాటే ముందు ఒకసారి బ్రేకు, లైట్లు చూసుకో నాయనా అని నేను ఎందరికి చెప్పానో, ఎన్నిసార్లు "చూసిన సార్" అనే సమాధానం విన్నానో నాకు తెలుసు. ఈయన చూసింది ఎవరికైనా వినబడుతుంది. రైలుకు పదికి పది.

యమాతో-సైదైజీ స్టేషన్ దాటగానే ఫోన్లు పక్కన పెట్టి కిటికీలోంచి చూడండి. ఎడమ వైపు దూరంగా ఎర్ర స్తంభాల పెద్ద భవనం, కుడి వైపు ఒక మహాద్వారం, మధ్యలో ఖాళీ గడ్డి మైదానం. అదే హెయిజో రాజప్రాసాదం ఉన్న చోటు. 710 నుంచి 784 దాకా, మధ్యలో కొన్నేళ్ళు తప్పిస్తే, జపాన్ రాజధాని ఇదే. కోట పోయింది, పొలాలయ్యాయి, 1914లో ఆ పొలాల మీదుగా రైలు వేశారు. తర్వాత తవ్వి చూస్తే పట్టాలు రాజుగారి ప్రాంగణం మీదుగా పోతున్నాయి. సుజాకు ద్వారాన్ని 1998లో, లోపలి దర్బారు భవనాన్ని 2010లో మళ్ళీ పాత పద్ధతిలో కట్టారు. ఒక దేశపు పాత రాజధానిని లోకల్ ట్రైన్ కిటికీలోంచి, టికెట్‌లో కలిపి చూపిస్తున్నారు. ప్యాకేజీ బస్సు హైవే మీద వస్తుంది కాబట్టి వాళ్ళకు ఇది కనబడదు.

స్టేషన్ బయట మా కోసం వాలంటీర్ గైడు ఎదురుచూస్తున్నాడు. నారాలో ఫీజు తీసుకోకుండా విదేశీయులకు ఊరు చూపించే వాలంటీర్లు ఉన్నారు. వారం పది రోజుల ముందు మెయిల్ పెడితే కుదురుతుంది. మా బిడ్డే మాట్లాడి పెట్టింది. వచ్చినాయన డెబ్బై దాటిన పెద్దమనిషి. టోపీ, భుజానికి సంచీ, చేతిలో ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన పాత బొమ్మల ఫైలు. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు ఒకే డిపో బండ్లు, కాబట్టి అర్థం కావడానికి ఇబ్బంది లేదు. ఆయన చార్జీలు, టికెట్లు మేమే పెట్టుకున్నాం. చివర్లో డబ్బు ఇవ్వబోతే రెండడుగులు వెనక్కి వేశాడు. కరాచీ బిస్కెట్ల డబ్బా ఇస్తే మాత్రం రెండు చేతులతో తీసుకున్నాడు. జపాన్‌లో టిప్పు ఇవ్వకండి, ఇంటి నుంచి ఏదైనా పట్టుకెళ్ళండి.

మొదట కోఫుకుజీ అనే బౌద్ధ గుడి, స్టేషన్ నుంచి నడిస్తే ఐదు నిమిషాలు. ఇక్కడి ఐదంతస్తుల గోపురం నారా ఫొటోలన్నిట్లో ఉంటుంది, 50 మీటర్ల ఎత్తు. కానీ మరమ్మతుల కోసం దాన్ని నిలువునా కప్పేశారు. ఆ పని ఏళ్ళ తరబడి సాగుతుంది. గోపురం కోసమే పోదామనుకుంటే ఆగండి.

నా మాటగా చెబుతున్నా, కోఫుకుజీకి వెళ్ళాల్సింది గోపురం కోసం కాదు, పక్కనున్న మ్యూజియం హాలు కోసం. దాంట్లో అషురా ఉంటాడు. అంటే మన అసురుడే. మూడు ముఖాలు, ఆరు చేతులు. ఒకటిన్నర మీటర్ల ఎత్తు, అంటే మా ఆవిడంత. అసురుడనగానే మనకు కోరలు, మీసాలు, గద గుర్తొస్తాయి. వీధి నాటకాల్లో, సినిమాల్లో చూసింది అదే. ఇక్కడున్నది పదిహేనేళ్ళ పిల్లాడు. సన్నటి చేతులు, ఛాతీ మీద జోడించిన అరచేతులు, కొంచెం ముడిపడిన కనుబొమలు. కోపం పోయి ఇంకా ఏడుపు రాని ముఖం. యుద్ధాలు చేసీ చేసీ బుద్ధుడి మాట విని ఆగిపోయాడని వాళ్ళ కథ.

734లో కోమ్యో మహారాణి తన తల్లి చనిపోయిన ఏడాదికి ఆమె పేరిట కట్టించిన హాలు కోసం ఈ బొమ్మలు చేయించింది. రాయీ కాదు, కంచూ కాదు. మట్టి బొమ్మ చేసి, దాని మీద లక్కజిగురులో ముంచిన గుడ్డలు పొరలు పొరలుగా అంటించి, ఎండాక లోపలి మట్టి తీసేస్తారు. లోపల డొల్ల, కాబట్టి తేలిక. గుడి ఎన్నోసార్లు కాలింది. కాలినప్పుడల్లా సన్యాసులు ఈ బొమ్మల్ని ఎత్తుకుని పరుగెత్తి ఉంటారని మా గైడు చేతులతో చేసి చూపించాడు. అదే వరుసలో గరుడుడు కూడా ఉన్నాడు, పక్షి ముక్కుతో, మెడలో కండువాతో. మా ఆవిడ ఇద్దరికీ దండం పెట్టింది. "అసురుడికి కూడానా అమ్మా?" అంది బిడ్డ. "పిల్లాడు దండం పెడుతుంటే తిరిగి పెట్టకుండా ఎట్లుంటాం?" అంది ఈమె. లోపల ఫొటోలు తీయనివ్వరు. అందుకే ప్యాకేజీలవాళ్ళు రారనుకుంటాను. మేం గంటకు పైగా ఉన్నాం, హాలు సగం ఖాళీ.

ఇక జింకలు. పార్కులో 1,300 పైచిలుకు ఉన్నాయి. కసుగా గుడి దేవుడు తెల్ల జింక మీద వచ్చాడని నమ్మకం, అందుకని ఎవరూ ముట్టుకోలేదు. 1957 నుంచి చట్టప్రకారం కూడా రక్షణ ఉంది. వాటికి పెట్టే బిస్కెట్లను షికా సెంబే అంటారు. తవుడు, పిండి తప్ప అందులో ఏమీ ఉండదు, కట్ట 200 యెన్లు. తల వంచి దండం పెట్టి బిస్కెట్ అడుగుతాయని రీల్స్‌లో చూసి ఉంటారు. నిజమే, వంచుతాయి. ఆలస్యం చేస్తే పొడుస్తాయని రీల్స్‌లో ఉండదు. శరదృతువు మగ జింకలకు జత కట్టే కాలం, చిరాకుగా ఉంటాయి. అక్టోబర్‌లో కొన్నిటి కొమ్ములు కోసేస్తారు, దానికి పెద్ద ఉత్సవమే ఉంది. అయినా పొడవడానికి తల చాలు. చీర కట్టుకున్న ఆడవాళ్ళు కొంగు నడుముకు దోపుకోండి. మా ఆవిడ పట్టుచీర అంచును ఒకటి బబుల్ గమ్ నమిలినట్టు నమిలింది. ఈమె లాగితే అదీ లాగింది. చుట్టూ చేరిన స్కూలు పిల్లలు కేరింతలు. చివరికి గైడు రెండు ఖాళీ అరచేతులు దాని ముందు చాపాడు. ఏమీ లేదని దానికి అర్థమైంది, వదిలేసింది. అక్కడ అందరూ వాడే సైగ అదేనట, నేర్చుకుని వెళ్ళండి.

పార్కులో చెత్తబుట్టలు దాదాపు లేవు. కారణం చెబితే మా ఆవిడ నోరు నొక్కుకుంది. 2019లో చనిపోయిన జింకల్ని కోసి చూస్తే చాలావాటి కడుపులో ప్లాస్టిక్, ఒకదాంట్లో నాలుగు కిలోల పైన. మన సంచీలో ఒక ఖాళీ కవరు పెట్టుకుని, మన చెత్త మనమే ఒసాకా దాకా మోసుకుపోవాలి. మన రోడ్ల మీద ఆవుల సంగతి గుర్తొచ్చి నేనేం మాట్లాడలేదు.

తోదైజీ గుడి దక్షిణ ద్వారం దగ్గర మెడ పైకెత్తి నిలబడాలి. అటొకడు ఇటొకడు, ఎనిమిది మీటర్ల చెక్క ద్వారపాలకులు. ఒకడు నోరు తెరిచి, ఒకడు మూసి. 1203లో ఉన్కెయ్, కైకెయ్ అనే శిల్పుల బృందం 69 రోజుల్లో రెండూ పూర్తి చేసింది. ఒక్క చెట్టు మాను కాదు, వేల ముక్కలు జత చేసి కట్టినవి. మన జయవిజయులు గుడికి కాపలా ఉంటారు గానీ, ఇంత నరాలు ఉబ్బి, ఇంత ఒళ్ళు బిగించి నేను ఎక్కడా చూడలేదు. ఇక్కడ అందరూ జింకల్ని చూస్తూ కింద నుంచి పోతున్నారు. జింకలు కూడా వాళ్ళనే చూస్తున్నాయి. పైనున్న ఇద్దరినీ పట్టించుకునేవాళ్ళు తక్కువ.

ఈ గుడిలోని పెద్ద బుద్ధుడి హాలుకు టికెట్ 800 యెన్లు. నవంబర్ నుంచి ఎనిమిదింటికి తెరిచి ఐదింటికి మూస్తారు. పది దాటితే బడి పిల్లల బస్సులు దిగుతాయి. పసుపు టోపీల వరుసలు, వాళ్ళ వెనక మన ప్యాకేజీ టోపీల వరుసలు. మేం కోఫుకుజీ ముందు చూసుకుని పదకొండుకు వచ్చాం కాబట్టి ఆ రష్‌లో పడ్డాం. జనం తక్కువ కావాలంటే ఈ క్రమం తిప్పేయండి, ముందు ఇక్కడికి రండి. మాకు అషురాను తీరిగ్గా చూడటం ముఖ్యం, కాబట్టి నేను మళ్ళీ వెళ్ళినా ఇదే క్రమంలో వెళ్తాను.

మన హుస్సేన్ సాగర్ బుద్ధుడు నిలబడ్డాడు, 58 అడుగుల ఏకశిల. ఈయన కూర్చున్నాడు, కూర్చుంటేనే దాదాపు 49 అడుగులు, అంతా కంచు. కథలు కూడా రెండిటివీ కష్టాల కథలే. రాయగిరి దగ్గర చెక్కి తెచ్చిన మన విగ్రహం 1990 మార్చిలో పంటు ఒరిగి సాగర్‌లో పడిపోయింది, మనుషులు పోయారు. 1992 డిసెంబర్‌లో గానీ నిలబడలేదు. ఆ రోజుల్లో ట్యాంక్‌బండ్ మీద నుంచి పోయే ప్రతి బస్సులో జనం ఒక పక్కకు వచ్చి నీళ్ళలోకి చూసేవాళ్ళు. నారా బుద్ధుడి కష్టాలు వెయ్యేళ్ళ పొడవు. 735 నుంచి మూడేళ్ళు దేశమంతా మశూచి. జనం పిట్టల్లా రాలిపోయారు. షోము చక్రవర్తి 743లో ఈ విగ్రహం పోయిద్దామని ప్రకటన ఇచ్చాడు. ఒక గడ్డిపోచ, ఒక పిడికెడు మట్టి తెచ్చి సాయపడతామన్నా రానివ్వండి అన్నది ఆ ప్రకటనలోని మాట. 855లో భూకంపానికి తల ఊడిపడింది. 1180లో యుద్ధంలో హాలు కాలింది. కట్టారు. 1567లో మళ్ళీ కాలింది. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు బుద్ధుడు ఎండకు, వానకు బయటే ఉన్నాడు. ఇప్పుడు మనం చూసే తల 17వ శతాబ్దం చివరిది, హాలు 1709 నాటిది. దగ్గరికి వెళ్ళి చూస్తే తలకూ ఒంటికీ రంగు తేడా తెలుస్తుంది. పాత హాలు వెడల్పు 86 మీటర్లు, డబ్బు చాలక 57 మీటర్లకు కుదించారు. కుదించిందే ఇంత ఉంది. అంత లావు మానులు కూడా అప్పటికి దొరకలేదు, అందుకే స్తంభాలు ముక్కలు జతచేసి ఇనుప పట్టీలు బిగించినవి. ఆ పట్టీలు కళ్ళకు కనబడుతూనే ఉంటాయి, దాచలేదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళు తప్పక వినాల్సిన సంగతి ఒకటుంది. ఏ ప్యాకేజీ గైడూ దీన్ని మావాళ్ళకు చెప్పలేదు. 752లో విగ్రహానికి కళ్ళు తెరిపించే వేడుక జరిగింది. కుంచె పట్టి కనుపాపలు దిద్దినాయన భారతీయుడు. పేరు బోధిసేనుడు. దక్షిణాది నుంచి బయల్దేరి, చైనా చేరి, అక్కడి నుంచి ఓడలో 736లో జపాన్ వచ్చాడు. ఆయన కుంచెకు పొడవాటి నీలం పట్టుతాడు కట్టి, ఆ కొసలు చక్రవర్తి కుటుంబం, మిగతా పెద్దలు పట్టుకున్నారు, కన్ను తెరిచిన పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె, ఆ తాడు ఇప్పటికీ ఉన్నాయి. హాలు వెనక షోసోయిన్ అనే చెక్క ఖజానాలో పన్నెండు వందల ఏళ్ళకు పైగా దాచి పెట్టారు. మా గైడు తన ఫైలులోంచి ఆ తాడు ఫొటో తీసి చూపించి, "మీ దేశం ఆయన" అని నా వైపు వంగాడు. నేను తిరిగి వంగాను. ఏం చేయాలో తెలియలేదు మరి.

ఇంకో ముక్క. ఈ గుడి కెగోన్ అనే బౌద్ధ సంప్రదాయానిది, దానికి మూలం అవతంసక సూత్రం అనే మహాయాన గ్రంథం. అందులో సుధనుడనే కుర్రాడు గురువుల కోసం ఊరూరా తిరుగుతాడు. ఆ యాత్ర మొదలయ్యే ఊరు ధాన్యాకరం. అది మన ధాన్యకటకమే, అంటే అమరావతి పక్కన ధరణికోటే అని కొందరు పండితుల అభిప్రాయం. విజయవాడ బస్సులు ఎన్ని పంపించానో, అమరావతి స్తూపం మాత్రం రిటైరయ్యాకే చూశాను. అక్కడ మేం నలుగురమే ఉన్నాం.

హాలు బయట కుడివైపు ఎర్ర టోపీ, ఎర్ర గుడ్డ కప్పుకున్న చెక్క బొమ్మ ఉంటుంది, ముడతలు పడి, పగుళ్ళిచ్చి. జనం బిన్‌జురు అంటారు. మన పిండోల భరద్వాజుడే, బుద్ధుడి శిష్యుడు. ఒంట్లో ఎక్కడ నొప్పి ఉంటే బొమ్మకు అక్కడ రుద్ది, మన ఒంటికి రుద్దుకుంటే తగ్గుతుందట. మా ఆవిడ దాని మోకాళ్ళు నిమిరి తన మోకాళ్ళు నిమురుకుంది, తర్వాత నడుము, తర్వాత భుజం. వెనక క్యూ పెరుగుతోంది. "అమ్మా, చాలు" అని బిడ్డ చెయ్యి పట్టి లాగింది. తగ్గిందా అంటే, ఆ తర్వాత కసుగా దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. రాసేటప్పుడు ఈ మాట తప్పకుండా రాయమంది.

తిండి దగ్గర నారాకు మార్కులు తగ్గిస్తున్నాను. ఇది రుచి సంగతి కాదు, కార్తీకం సంగతి. ఈ నెల మా ఆవిడ నీచు ముట్టదు. అక్కడ కూరగాయల ఊడాన్ (నూడుల్స్) అని రాసి ఉన్నా పులుసులో దాషి అనే రసం ఉంటుంది, అందులో ఎక్కువగా ఎండు చేప. నారా ప్రత్యేకం అని చెప్పే తమలపాకంత ఆకుల్లో చుట్టిన అన్నం ముద్దలున్నాయి, పెర్సిమన్ ఆకులవి. లోపల చేపే. నేను తిన్నాను, బాగుంది, ఉప్పు తగుమాత్రం, ఆకు వాసన పట్టింది. మా ఆవిడ, బిడ్డ ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నారు. బెంచీ మీద డబ్బా మూత తీయగానే మూడు జింకలు వచ్చి నిలబడ్డాయి. వాటికి మన తిండి పెట్టకూడదు. ఇంగువ వాసనకైనా పోతాయనుకున్నాం, పోలేదు. నిలబడి, తిరుగుతూ తిన్నారు పాపం. పండ్ల దుకాణంలో పెర్సిమన్ పళ్ళు మాత్రం అందరికీ పనికొస్తాయి. చూడ్డానికి టమాటాలా ఉండి, కొరికితే గట్టిగా, తియ్యగా ఉంటాయి.

అక్కడి నుంచి కసుగా తైషా గుడికి అడవి దారిలో నడక. నిదానంగా అయితే అరగంట. ఈ దారే ఆ రోజు మొత్తంలో నాకు నచ్చింది. రెండు పక్కలా నాచు పట్టిన రాతి దీపస్తంభాలు, వాటి సందుల్లోంచి జింకల తలలు. గుడిలో వేలాడే కంచు దీపాలతో కలిపి మూడు వేల దాకా ఉన్నాయి. ఎవరెవరో భక్తులు మొక్కు తీర్చుకుని ఇచ్చినవి, ఏళ్ళ పేర్లు, ఇంటి పేర్లు చెక్కి ఉన్నాయి. గుడి 768లో మొదలైంది. వెనకున్న కొండ అడవిలో 841 నుంచి చెట్టు కొట్టడం, వేటాడటం నిషేధం. మాపుల్ ఆకులు నెత్తురు ఎరుపులో ఉన్నాయి, ఒక గింకో చెట్టు కింద నేలంతా పసుపు పచ్చ. ఫొటోలు ఇక్కడ తీసుకోండి. జింక కూడా దానంతటదే ఫ్రేములోకి వస్తుంది, బిస్కెట్ అక్కర్లేదు.

దీపాలన్నీ వెలిగించేది ఏడాదిలో కొద్ది రోజులే, ఫిబ్రవరిలో, ఆగస్టులో. కార్తీకంలో దీపం వెలగని దీపస్తంభాల మధ్య నడవడం మా ఆవిడకు నచ్చలేదు. అయితే లోపల ఫుజినామి-నో-యా అని ఒక చీకటి గది ఉంది. అందులో కంచు దీపాలు ఎప్పుడూ వెలుగుతుంటాయి, గోడలకు అద్దాలు. ఎటు చూసినా దీపాలే. ఆమె అక్కడ నిలబడి పెదాలు కదుపుతూ ఏదో చదువుకుంది. మేం బయట ఆగాం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కుదామని బిడ్డ అంది. ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ బస్సులు ఉన్నాయి, 1 నంబరు ఒక వైపు తిరిగితే 2 నంబరు ఇంకో వైపు. మన పాత సిటీ సర్క్యులర్ లెక్కే. బస్సు శుభ్రం, డ్రైవర్ మర్యాదస్తుడు, మైకులో ప్రతి స్టాపూ చెబుతున్నాడు. కానీ నవంబర్ మధ్యాహ్నం మూడు గంటలకు ఆ రోడ్డు మీద కార్లు, టూరిస్టు బస్సులు బంపర్‌కు బంపర్. ఎంత మంచి సర్వీసైనా రోడ్డు లేకపోతే ఏం చేస్తుంది? మా స్టాపులో మూడో బస్సు ఎక్కగలిగాం, ముందు వచ్చిన రెండూ నిండుకుండలు. రద్దీ రోజుల్లో ఇక్కడ అదనపు బండ్లు కాదు, కార్లు రాకుండా ఒక గేటు కావాలి. మోకాళ్ళు బాగుంటే నడవండి, బస్సు కంటే ముందే చేరతారు.

స్టేషన్ పక్కన సాంజో వీధిలో మోచీ, అంటే జిగురు బియ్యపు ముద్ద, దంచే దుకాణం ఉంది, పేరు నకతానిదో. మీరు అడగకపోయినా జనం గుంపు దారి చూపిస్తుంది. ఇద్దరు మనుషులు, చెక్క రోలు, పెద్ద సుత్తుల్లాంటి రోకళ్ళు. ఒకడు అరుస్తూ దంచుతుంటే ఇంకొకడు దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతాడు. మా ఊళ్ళో మా అమ్మ, మేనత్త ఒకే రోట్లో రెండు రోకళ్ళతో వడ్లు దంచినప్పటి తాళం ఇదే, వీళ్ళది మూడింతల వేగం. మాచిపత్రి జాతి ఆకు కలిపిన ఆకుపచ్చ ముద్ద, లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి, పైన సోయా పిండి. వేడిగా చేతిలో పెడతారు. చేప లేదు, గుడ్డు లేదు. కార్తీకానికి పనికొచ్చింది. మా ఆవిడ రెండోది అడిగి తిన్నది, తిండి మార్కులు కొంచెం పెంచుతున్నాను.

నవంబర్‌లో ఐదింటికల్లా చీకటి పడుతుంది, గుళ్ళు కూడా ఆ లోపే మూస్తారు. మన అలవాటు ప్రకారం టిఫిన్ చేసి, టీ తాగి పదకొండుకు బయల్దేరితే నారా దొరకదు. ఉదయం పది డిగ్రీల లోపు చలి, మధ్యాహ్నం ఎండలో స్వెట్టర్ విప్పాలి, నాలుగు దాటితే మళ్ళీ వేసుకోవాలి. బాత్రూములు ఎక్కడికక్కడ ఉన్నాయి, శుభ్రం, పైసా తీసుకోరు. కూర్చునే చోట్లు మాత్రం చాలవు. అరవై దాటినవాళ్ళు మడతపెట్టే చిన్న స్టూలు పట్టుకెళ్ళొచ్చు. గుళ్ళలో చెప్పులు విప్పే చోట్లు ఉంటాయి, లేసుల బూట్లు వద్దు. అక్టోబర్ చివర నుంచి నవంబర్ మొదటి వారాల దాకా నారా నేషనల్ మ్యూజియంలో షోసోయిన్ వస్తువుల ప్రదర్శన పెడతారు, ఏటా వస్తువులు మారతాయి. చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఆ రోజుల్లో వెళ్ళండి, ఆకుల ఎరుపు కావాలంటే అది అయిపోయాక వెళ్ళండి. రెండూ ఒకే వారంలో పూర్తిగా దొరకడం కష్టం.

ఖర్చు సంగతి అడుగుతారు. రైలు రానూ పోనూ, టికెట్లు, మోచీ, జింకల బిస్కెట్లు, నా చేప అన్నం, గైడు ఖర్చు అన్నీ కలిపినా మనిషికి మన ప్యాకేజీల వాళ్ళు "ఆప్షనల్ టూర్" అని వేసే రేటులో సగం కూడా కాలేదు. మీరు ప్యాకేజీలోనే వెళ్తుంటే, క్యోటోలో ఇచ్చే "ఫ్రీ డే" రోజున షాపింగ్ మానేసి సొంతంగా నారాకు రండి. క్యోటో నుంచి కూడా కింటెట్సు రైలు నేరుగా ఇదే స్టేషన్‌కు వస్తుంది.

హోర్యూజీ గుడి గురించి అడగొద్దు. ప్రపంచంలో నిలిచి ఉన్న పాత చెక్క కట్టడాలన్నిటికంటే పాతవి అక్కడున్నాయి. 1949లో కాలిపోయిన గోడ చిత్రాలను మన అజంతాతో పోలుస్తారు. జేఆర్ నారా నుంచి రైల్లో పన్నెండు నిమిషాలే. కొందరు యూట్యూబ్‌వాళ్ళు దాన్ని కూడా ఇదే రోజులో ఇరికిస్తున్నారు. ఇరికించకండి, అది ఇంకో డ్యూటీ. బిడ్డను వచ్చే ఏడాదికి లీవు పెట్టించుకోమని చెప్పాను.